గళ్లు నింపని దొంగ

"మళ్లీ ఎత్తుకుపోయాడే!"

సామ్యేలు గారి కేక తార్నాక ఆస్పత్రి వార్డంతా వినిపించింది.

పోయింది పేపరు. పక్కనున్న బత్తాయిలు, ఫోను ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆయన భార్య ప్రిస్కిల్లాకు అదే అనుమానం. పేపరు తప్ప ఏమీ ముట్టని దొంగ ఏం దొంగ?

దొంగ ఎవరో తెలుసు. ఎదుటి మంచం మల్లన్న, లాలాపేట్ మనిషి. ఆయనకూ గుండె ఆపరేషనే, కాకపోతే కాస్త ముందయింది.

సామ్యేలు గారు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో రిటైరయ్యారు. కాపీ కొట్టే మొహాన్ని ఆమడ దూరం నుంచే పసిగడతారు. గళ్ల నుడికట్టు నింపందే ఆయనకు కాఫీ దిగదు.

ఆపరేషనయ్యాక నడవమంటే మాత్రం కదల్లేదు.

"కుట్లు ఊడితే?" అన్నారు డాక్టరుతో.

"పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది సార్. ఈ వయసులో అది మరీ ప్రమాదం."

డాక్టరు చెప్పినా కదలని మనిషి గళ్ల కోసం కదిలారు. దిండు గుండెకు అదుముకుని, తిట్టుకుంటూ.

మల్లన్న మొదట తలుపు దగ్గర దొరికాడు. తర్వాత వరండాలో. ఇవాళ ఆ చివరెక్కడో, క్యాంపస్ చెట్లు కనబడే కిటికీ పక్క కుర్చీలో.

"జర ఆగు సారూ, రెండే గళ్లున్నయ్!"

"అవి నావయ్యా!"

తీరా లాక్కుని చూస్తే ఒక్క గడీ నింపలేదు.

"చదవడు, రాయడు. మిమ్మల్ని రోజూ ఇంకాస్త దూరం లాక్కుపోతున్నాడు" అంది ప్రిస్కిల్లా. "నా పర్సు మీదే కన్నండీ!"

మర్నాడు పేపరు రాగానే దాని మీద కూర్చుంది.

మల్లన్న వచ్చాడు. చేతిలో సంచీ.

"ఇయ్యాల పేపర్ రాలేదా అమ్మా?"

"రాలేదు."

సారు వంక చూస్తూ కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

ఆ రోజు సామ్యేలు గారు మంచం దిగలేదు. పేపరు ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా గళ్లు నింపుతూ కూర్చున్నారు. సాయంత్రానికి దగ్గు మొదలైంది.

"ఇయ్యాల నడవలేదా సార్?" సిస్టర్ భూమిక మొహం మారింది.

"ముందు ఆ పేపరు దొంగ ఏడో చెప్పు" అంది ప్రిస్కిల్లా.

"మల్లన్ననా? పొద్దుగాల్నే డిశ్చార్జ్ అయిండు. దొంగేంది మేడం? మందుల కవర్ల మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసిచ్చిన. పాపం, ఆయనకు అక్షరం ముక్క రాదు."

ప్రిస్కిల్లా మొగుడి ఒళ్లోంచి పేపరు లాక్కుని, కేకలు వినబడుతున్నా ఆగకుండా వెళ్లి, కిటికీ పక్క మల్లన్న కుర్చీలో కూర్చుంది.

"రెండే గళ్లున్నాయండీ!"