అయిపోయిందా తల్లీ?

పల్లవి బ్రహ్మాండంగా వచ్చింది. చరణం ఎత్తుకుందామని పాటలమ్మాయి నోరు తెరిచింది.

దభీ! దభీ!

తలుపవతల పరుపులాయన దూది కొట్టడం మొదలెట్టాడు. ముహూర్తం పెట్టించుకున్నట్టు, సరిగ్గా ఇప్పుడే.

"కొట్టు నాయనా కొట్టు, నా నెత్తిన కొట్టు!" అని హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పడేసింది.

స్టూడియో అని చెప్పుకోవడమే గానీ, ఉన్నది ఒక్క గది. అన్నయ్య ఇచ్చిన పాత కంప్యూటర్, ఊరికే దొరికిన సాఫ్ట్‌వేర్, ఎవరో వాడి అమ్మేసిన మైకు. పాడేటప్పుడు నోటి గాలి మైకుకి తగలకుండా బట్టల హ్యాంగర్‌ని గుండ్రంగా వంచి, దానికో మేజోడు తొడిగింది. ఉతికిన మేజోడేలెండి.

ఈ గదికీ, ముందున్న పరుపుల కొట్టుకీ మధ్య ఒక చెక్క తలుపు. ఎప్పుడో మేకులు కొట్టి మూసేశారు. ఇంట్లో దిగిన కొత్తల్లో రోడ్డు మీది బస్సులన్నీ ఆమె పాటలోనే తిరిగేవి. తలుపుకి దుప్పటి కట్టింది. వారం తిరిగేసరికి చప్పుడు మాయం! దుప్పటి మహిమకి ఆమే ఆశ్చర్యపోయింది.

ఇక అడ్డం ఒక్క పరుపులాయనే.

దూది చప్పుడు ఆగింది. తలుపు మీద టక్ టక్.

"అయిపోయిందా తల్లీ?"

"అయిపోయింది! నా బతుకే అయిపోయింది!"

అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ తిరిగి కొట్టు ముందుకెళ్లింది.

వెనక గోడంతా పైకప్పు దాకా పరుపులే. ఆయన మాత్రం గుమ్మంలో, ఎండలో కూర్చున్నాడు. ఒళ్లంతా దూది.

"కావాలనే చేస్తున్నావా? రోజూ సరిగ్గా చరణం దగ్గరే మొదలెడతావే!"

"అది కాదు తల్లీ, నువ్వు ఆపావని..."

"ఇంకేం చెప్పకు! రేపు సాయంత్రం ఆరింటికి సీరియల్ వాళ్లకి పాట పంపాలి. పంపకపోతే మా అన్నయ్య కంప్యూటర్ పట్టుకుపోతాడు. నేను వెళ్లి వాళ్ల కొట్లో సబ్బులమ్ముకోవాలి. నీకర్థమవుతోందా?"

ఆయన కర్ర కింద పెట్టాడు. "తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

ఆమె వినలేదు. తిన్నగా ఓనరు దగ్గరికి పోయింది.

"ఆయనుంటే నేనుండను. రేపు పొద్దునకల్లా కొట్టు ఖాళీ అవ్వాలి. ఒక్క పరుపు కూడా మిగలకూడదు!"

ఓనరుకీ అదే కావాలి. ఆ కొట్టు అడుగుతూ ఒకడు ఎప్పట్నుంచో చుట్టూ తిరుగుతున్నాడు.

మర్నాడు పొద్దున పరుపులాయన సామాను బండెక్కింది.

పాటలమ్మాయి గుమ్మంలోకి కూడా రాలేదు. స్నానం చేసి, గొంతు సవరించుకుని, మైకు ముందు కూర్చుంది. మిగిలింది చరణమొక్కటే. పాడింది. పాడింది విందామని నొక్కింది.

బస్సు. హారన్. ఎవడో ఎవణ్నో తిడుతున్నాడు. వీటన్నిటి వెనకెక్కడో తన గొంతు.

మళ్లీ పాడింది. మళ్లీ అదే.

వైర్లు మార్చింది. మైకు దిండ్ల మధ్య పెట్టింది. తలుపుకి ఇంకో దుప్పటి, దాని మీద తన చీరలన్నీ వేలాడదీసింది. ఎండాకాలంలో రగ్గు కప్పుకుని, చెమటలు కారుతుంటే లోపల కూర్చుని పాడింది. పల్లవి ఒక ఊళ్లో, చరణం ఇంకో ఊళ్లో పాడినట్టుంది. పాడి పాడి గొంతు బొంగురుపోయింది.

"నిన్నటి దాకా బాగానే ఉందిగా! ఏమొచ్చింది దీనికి?" అని ఏడ్చేసింది.

అయిదున్నర దాటింది. హెడ్‌ఫోన్ మెడలో ఉండగానే బయటికి పరిగెత్తింది.

ఖాళీ కొట్లో ఓనరు దూది ఊడుస్తున్నాడు. వెనక గోడ బోసిగా ఉంది. చెక్క తలుపు సందుల్లోంచి తను కట్టిన దుప్పటి కనిపించింది. రోడ్డు మీది చప్పుడంతా ఆ సందుల్లోంచే లోపలికి పోతోంది.

ఆమె తలుపు దగ్గరికెళ్లి నిలబడింది.

"అంకుల్... పరుపులు ఈ తలుపుకేనా ఆనించి ఉండేవి?"

"ముందు గుమ్మం పక్కనే ఉండేవమ్మా, వచ్చేపోయేవాళ్లకి కనపడేలా. నువ్వు దిగిన వారానికి అన్నీ మోసుకెళ్లి ఇక్కడ పేర్చాడు. సరుకు కనపడకపోతే బేరమెలా వస్తుందయ్యా అంటే, రోడ్డు గోలకి పిల్ల పాట ఆపేస్తోందండీ అన్నాడు. పిచ్చి మారాజు."

"మరి... నేను పాడుతుంటే దూది కొట్టేవాడుగా!"

"నువ్వు పాడుతుంటే కర్ర ముట్టేవాడు కాదమ్మా. నీ గొంతు ఆగాక తలుపు తట్టి, అయిపోయిందా అని అడిగేవాడు. నువ్వు పలక్కపోతేనే మొదలెట్టేవాడు."

పాటలమ్మాయి చెయ్యి మెడలోని హెడ్‌ఫోన్ మీదికి పోయింది. పల్లవికీ చరణానికీ మధ్య మ్యూజిక్ అంతా తన చెవుల్లోనే మోగేది. అవతలివాళ్లకి అక్కడ పాట ఆగిపోయినట్టే. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక ఆయన పిలిచిన పిలుపు తనకెలా వినపడుతుంది?

"ఎక్కడికెళ్లారాయన? ఫోన్ నంబరుందా?"

"ఆయనకి ఫోనెక్కడిది? ఎటు పోయాడో ఏమో."

వీధి చివర అన్నయ్య స్కూటర్ హారన్ వినిపించింది.

ఆమె నేల మీద చతికిలబడింది. ఓనరు చీపురు గోడకి ఆనించి, కాస్త ఇబ్బందిగా గొంతు తగ్గించాడు.

"ఒక్క పరుపు కూడా ఉండకూడదని నువ్వే అన్నావు కాబట్టి నేను ఒప్పుకోలేదు గానీ, బండెక్కించేటప్పుడు నా గడ్డం పట్టుకుని బతిమాలాడమ్మా, 'ఈ తలుపు దగ్గరివి మాత్రం సాయంత్రం దాకా ఉండనివ్వండి, ఆ తల్లి పాట ఇంకా అయిపోలేదు' అని."