ఏముంది చూడ్డానికి

నాకీ విహారయాత్రలంటేనే కంపరం. టికెట్లు కొన్నది మా అక్క. కొన్న వారానికే కంటి ఆపరేషన్ వికటించి ఆమెకు చూపు పోయింది. అయినా వెళ్దామని పట్టుబట్టింది.

రైల్లో కిటికీ సీటు ఆమెకే ఇచ్చాను. గైడు పిల్ల మైకులో ఒకటే గోల. జనం ఆహా ఓహో అంటూ ఫోన్లు ఎత్తారు.

"ఏముందిరా అక్కడ?" అంది అక్క.

"జలపాతమట. పగిలిన పైపులా కారుతోంది."

నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా చేసినవాణ్ణి, అలాంటి కారుడు ఎన్ని చూడలేదు!

మధ్యాహ్నం బస్సెక్కించి కొండ కొసన దింపారు.

"ఇప్పుడో?"

"కంకర గుట్ట. దానిమీద పాచి. థూ, దీనికా ఇంత దూరం!"

"తాతగారూ, అందరి సరదా పాడుచేయకండి" అంది గైడు.

"నీ పని చూసుకోవమ్మా" అన్నాను.

అంతలో లోయ మీద మబ్బు విడిపోయింది. జనం నోళ్లు మూతపడ్డాయి. మైకు కూడా ఆగిపోయింది.

"ఏంట్రా, ఎవరూ మాట్లాడరేం?"

నోరు తెరిచాను. ఒక్క తిట్టూ దొరకలేదు.

అక్క తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"అంత బాగుందా, తమ్ముడూ? పర్లేదు, చెప్పు. నేనేం ఏడవను."