దిగని గీత

"ఈసారి కూడా గ్యాసే అంటారా డాక్టరమ్మా?" అన్నాడు బల్లమీద పడుకున్నాయన, ఒంటికి తగిలించిన తీగలు కదలకుండా తల ఒక్కటే ఎత్తి.

డాక్టరమ్మ ఈసీజీ యంత్రానికి వేలాడుతున్న కాగితం కొస చించి నిలబడే చదువుతోంది. రావాల్సిన డాక్టరు రాకపోవడంతో రెండో డ్యూటీ కూడా ఆమె నెత్తినే పడింది. కాళ్ళు పీకుతున్నాయి. ఈయన గుండెనొప్పంటూ రావడం ఆమెకు కొత్త కాదు. తేనుపు అడ్డం పడితే చాలు, భార్యను వెంటేసుకుని వచ్చేస్తాడు. వచ్చిన ప్రతిసారీ కాగితం మీద గీత బుద్ధిగా నడిచేది.

ఇవాళ నడవలేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా లేచిన గీత మళ్ళీ కిందికి దిగాలి. దిగకుండా గుట్టలా పైనే ఉండిపోయింది. ఒక్కచోట కాదు, గుండె అడుగు భాగాన్ని చూపించే మూడు వరసల్లోనూ అంతే. ఆమె కళ్ళు నులుముకుని పేరు చూసింది. ఆయన పేరే. ఇన్నాళ్ళూ కసురుకుని పంపిన మనిషికి నిజంగానే ముంచుకొచ్చిందే అనుకునేసరికి ఆమెకు సిగ్గేసింది.

"గ్యాస్ కాదండీ. గుండెపోటు. ఇక మీరు వేలు కూడా కదపొద్దు."

ఆయన తల దిండు మీద పడింది. ఒక్క క్షణం గెలిచినట్టు వెలిగిన మొహం వెంటనే పాలిపోయింది. "చెప్పానా," అన్నాడు భార్యతో, "నా మాటంటే మనింట్లో ఎవరికి లెక్క."

భార్య గోడపక్క స్టూలు మీద కూర్చుని నుదురు తుడుచుకుంటోంది. ఏడుపూ లేదు, హడావిడీ లేదు. "ఇప్పుడేం చెయ్యాలి డాక్టరుగారూ?" అని మాత్రం అడిగింది.

"రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెయ్యాలి. ఇక్కడ నిండుకుంది, కింద మందుల షాపులో దొరుకుతుంది. ఎంత తొందరగా పడితే గుండె అంత మిగులుతుంది. మీతో ఇంకెవరైనా వచ్చారా?"

"ఇంకెవరున్నారు, నేనే."

"అయితే మీరే వెళ్ళాలి. లిఫ్టు కోసం చూస్తూ కూర్చోకండి, మెట్లమీద వెళ్ళి పరుగున రండి."

ఆమె గోడ పట్టుకుని లేచింది. మందు చీటీ అందుకున్న చెయ్యి మంచులా తగిలింది. డాక్టరమ్మకు మనసు పీకింది. "మీకూ ఒంట్లో బాలేనట్టుందే."

"నాకేం రోగం. రాత్రంతా గుండె గుండె అంటూ ఈయన పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. ఒళ్ళు బరువెక్కిపోయింది, అంతే."

ఆ అలసట డాక్టరమ్మకు పరాయిది కాదు. అద్దంలో చూసుకుంటే తన మొహమూ అలాగే ఉంటుంది. "ఆయన గండం గట్టెక్కాక ఇద్దరం హాయిగా నిద్రపోదాం. వెళ్ళి రండమ్మా," అంది. ఆమె నవ్వబోయి, ఆ ఓపిక కూడా లేక, వెళ్ళిపోయింది.

ఆయన్ని పక్క గదిలోకి మార్చారు. నర్సు ఆయన చేతికి సెలైన్ గొట్టం పెట్టి, నమలమని మాత్రలిచ్చింది. ఆయన నములుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"పాపం దాన్ని చాలా తిప్పలు పెట్టానమ్మా. ఈసారి బతికి బయటపడితే దానికో నెల రోజులు విశ్రాంతి ఇస్తాను."

"ఒక్కరోజు ఇవ్వండి బాబాయ్‌గారూ, అదే పదివేలు," అంది నర్సు.

డాక్టరమ్మ నాడి చూసింది. బాగానే ఉంది. బీపీ కూడా తనకంటే ఆయనకే నయం. "నొప్పెలా ఉంది?"

"ఇందాకే పెద్ద తేనుపొచ్చిందమ్మా. కాస్త సర్దుకుంది."

గుండెపోటు తేనుపుతో సర్దుకోవడం ఆమె ఎక్కడా చదవలేదు. కానీ కాగితం కళ్ళముందే ఉంది, దాన్ని కాదని కూర్చుంటే ప్రాణం పోతుంది. అలసిన బుర్రకు అంతకుమించి తోచలేదు. అంతలో భార్య రొప్పుతూ వచ్చింది. ఇంజెక్షన్ డబ్బా డాక్టరమ్మ చేతిలో పెట్టి, తలుపు పక్క కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది.

"వచ్చేశావా," అన్నాడాయన. ఆమె పలకలేదు.

"లేపకండి. కాసేపు పడుకోనివ్వండి పాపం," అంది డాక్టరమ్మ. మందు సిరంజిలోకి ఎక్కించి, ఆయన చేతి దగ్గరి గొట్టం మూత విప్పింది.

ఈసీజీ తీసే అమ్మాయి ఇంకో కాగితం పట్టుకుని లోపలికొచ్చింది. "మేడమ్, సార్‌ది మెషిన్ దగ్గరే వదిలేసొచ్చారు."

డాక్టరమ్మ ఒంటిచేత్తో అందుకుని చూసింది. గీత ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. పైన ఆయన పేరే. సిరంజి గాల్లోనే ఆగిపోయింది.

"మరి నేను తెచ్చింది ఎవరిది? దానిమీద కూడా ఈయన పేరే ఉంది."

"పేరు ముందే కొట్టేశాను మేడమ్, రెండింటి మీదా అదే పడినట్టుంది. సార్‌కి కరెంటు కొడుతుందని భయం కదా, వచ్చినప్పుడల్లా ముందు ఇంకొకళ్ళకి పెట్టి చూపిస్తే తప్ప బల్లెక్కరు," అంది ఆ అమ్మాయి కుర్చీవైపు చూస్తూ. "మీరు తెచ్చింది అమ్మగారిది."