వెనక అద్దం మీద నలభై కోట్లు

నలభై కోట్లను బస్సు వెనక అద్దం మీద దాచొచ్చని కనిపెట్టింది అకౌంటెంటే.

ఫుట్‌బాల్ లీగ్ రూలు చూడ్డానికి చిన్నదే. క్లబ్ ఎంత సంపాదిస్తే అంతే ఖర్చుపెట్టాలి. ఓనరు ఎంత కుబేరుడైనా సొంత జేబులోంచి తీసి ఆటగాళ్లను కొనకూడదు. ఈ క్లబ్ సంపాదన స్టేడియం కరెంటు బిల్లుకే బొటాబొటి. ఆటగాళ్లను కొనే డైరెక్టరేమో ఓనరు బామ్మర్ది. షాపులో చొక్కా నచ్చినంత తేలిగ్గా అతనికి ఫార్వర్డులు నచ్చేస్తారు. ఇప్పటికి పదకొండు మంది ఫార్వర్డులు, ఒక్క గోల్‌కీపరు. ఓనరు భార్యకు తమ్ముడంటే పంచప్రాణాలు. కాబట్టి అతను అడగడం, ఓనరు ఇవ్వడం, అంతే.

అందుకని అకౌంటెంట్ ఓనరు డబ్బును ఒక పరుపుల కంపెనీలోకి పంపింది. కాగితాల మీద అది ఓనరు పిన్నిది. ఆ కంపెనీ టీమ్ బస్సు వెనక అద్దం మీద ఓ పరుపు బొమ్మ వేయించుకుని, ఏడాదికి నలభై కోట్లు క్లబ్‌కి కట్టింది. ప్రకటనల ఆదాయం! లెక్క సరిపోయింది. కానీ సంతకాలు మాత్రం అకౌంటెంట్‌వి. పట్టుబడితే ఈ ఉద్యోగమే కాదు, ఇంకెక్కడా లెక్కల పుస్తకం ముట్టనివ్వరు.

అసలు చిక్కల్లా ఓనరుతోనే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మొదటి ఏడాది తనిఖీలో అసలు కాగితాల కట్టను ఆడిటర్ కుర్చీలోనే వదిలేశాడు. అకౌంటెంట్ పరుగున వెళ్లి దాని మీద కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదు. రెండో ఏడాది సరిగ్గా తనిఖీ రోజునే పిన్నిని పిలిచాడు. స్టేడియం చూపిస్తానని చెప్పి ఆ పెద్దావిడ చేత మూడు గంటలు మెట్లెక్కించింది అకౌంటెంట్.

ఇది మూడో ఏడు. ఈసారి లీగ్ పంపిన ఆడిటర్ వయసు మళ్లిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి, వచ్చి మీటింగు గదిలో కూర్చున్నాడు.

"బస్సు బాగుంది. అద్దం ఇంకా బాగుంది. దాని రేటుకి ఇలాంటి బస్సులు నలభై కొనుక్కోవచ్చేమో కదమ్మా?"

"మా బస్సు ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగుతుంది సార్. వెనకున్నవాళ్లందరూ తీరిగ్గా చూస్తారు," అంది అకౌంటెంట్.

"ఓహో. ఇంతకీ ఈ పరుపుల కంపెనీ ఎవరిది?"

"ఎవరో పెద్దావిడ సార్. ఫుట్‌బాలంటే పిచ్చి."

పక్కనే ఉన్న ఓనరు పకపకా నవ్వాడు. "ఎవరు, మా పిన్నికా? బంతిని కాలితో తన్నాలని కూడా తెలీదావిడకి!"

అకౌంటెంట్ బల్ల కింద ఆయన కాలు తొక్కింది.

"కాలెందుకు తొక్కుతావ్ అమ్మాయ్?" అన్నాడు ఓనరు, గదంతా వినబడేలా.

ఇక మిగిలింది దబాయింపు ఒక్కటే.

"అసలా రూలే అన్యాయం సార్. పాత క్లబ్బులకి టికెట్లు, టీవీ, చొక్కాలు, పట్టిందల్లా డబ్బే. సంపాదన ఉంది కాబట్టి కొంటారు. కొంటారు కాబట్టి గెలుస్తారు. గెలుస్తారు కాబట్టి మళ్లీ సంపాదిస్తారు. మరి మేం? జన్మంతా వాళ్ల వెనకాల దేకుతూ ఉండాలా?"

ఆడిటర్ కళ్లజోడు కిందకి దించాడు. "నీ మాట కొట్టిపారేసేది కాదమ్మా. కానీ రేపు మీ సారుకి విసుగొచ్చి జేబు మూసేశారనుకో. పదకొండు మంది ఫార్వర్డులకి జీతాలెవరిస్తారు? క్లబ్ మూతపడితే ఏడ్చేది ఈయన కాదు. చిన్నప్పట్నుంచీ అదే సీట్లో కూర్చుని అరిచే అభిమాని."

"నూటికి నూరుపాళ్లు నిజం!" అని బల్ల గుద్దాడు ఓనరు. అంతటితో ఊరుకున్నాడా? ఫోను తీసి, పిన్ని పుట్టినరోజు ఫోటో ఆడిటర్ ముందు పెట్టాడు. అందులో ఆయనా పిన్నీ నవ్వుతూ కేకు కోస్తున్నారు. వెనకాల పరుపుల కంపెనీ బోర్డు నిగనిగలాడిపోతోంది.

అకౌంటెంట్ కళ్లు మూసుకుంది. కోట్లు సంపాదించడానికి బుర్రతో పని లేదని ఆమెకు ఆ క్షణంలో రూఢి అయింది.

వారానికి తీర్పొచ్చింది. రెండేళ్లపాటు క్లబ్ ఒక్క ఆటగాణ్ణి కూడా కొనకూడదు. అకౌంటెంట్‌ని మాత్రం హెచ్చరించి వదిలేశారు. 'నేను చెప్పిందే చేసింది, ఆ అమ్మాయి తప్పేం లేదు' అని ఓనరు రాసిచ్చాడట. అది విన్నాక ఆమెకు తల కొట్టేసినట్టయింది. తనని కాపాడిన మనిషిని తను కాపాడలేకపోయింది. రాజీనామా రాసుకుని ఆయన గదికి వెళ్లింది.

ఓనరు ఫోనులో ఉన్నాడు. బామ్మర్ది గొంతు గుమ్మం దాకా వినిపిస్తోంది.

"బావా, పన్నెండోవాడు బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు బావా!"

"నా చేతుల్లో ఏముంది బామ్మర్దీ? రూలు రూలే. మీ అక్కకి కూడా నువ్వే కాస్త నచ్చజెప్పు."

ఆయన ఫోను పెట్టేసి, చేతిరుమాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి.

అకౌంటెంట్ కాగితం బల్ల మీద పెట్టింది. "క్షమించండి సార్. మూడేళ్లు ఎలాగో లాక్కొచ్చాను. ఈసారి నా వల్ల కాలేదు."

ఓనరు రుమాలు తీశాడు. నవ్వాపుకోలేక కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి ఆయనకి.

"వాడి బారి నుంచి బయటపడదామని ఏటా నేను దొరికిపోవాలని చూడటం, ఏటా నువ్వొచ్చి కాపాడెయ్యటం... చంపేశావు కదమ్మాయ్!"