కింది వాటా మొరాకో ఆవిడ

యూదుల పస్కా పండగొస్తోందంటే ఫ్రాదెలమ్మ ఇల్లు దులిపే దులుపుడికి ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌ ఊళ్ళో వాళ్ళ వీధి వీధంతా తుమ్మేది.

పండగ వారం పులిసిన రొట్టె సరే, ఏ యూదులింట్లోనూ ఉండదు. వీళ్ళ తెగ ఆచారంలో ఆ వారం పప్పూ, బియ్యం, పల్లీ కూడా గడప తొక్కకూడదు.

కోడలు షిఫ్రాకి అక్కడే చిక్కొచ్చి పడింది.

పెద్దాడు రెండో ఏట పల్లీ కొరికి, మొహం గుమ్మడికాయలా ఉబ్బి, ఊపిరందక చావు తప్పి బయటపడ్డాడు. అందుకే చంటాడికి డాక్టరమ్మ ముందుగా పరీక్ష చేసి, ఇప్పట్నుంచే పల్లీ ముద్ద పల్చగా కలిపి నాకించమంది. ఒంటికి అలవాటు పడాలి, మధ్యలో మానొద్దంది.

అత్తగారికి ఇదంతా చెప్పింది.

"నీ మొగుణ్ణి పండక్కి పల్లీ లేకుండానే పెంచాను. దున్నపోతులా లేడూ?" అంటూ ఫ్రాదెలమ్మ పల్లీ ముద్ద డబ్బా తీసుకెళ్ళి వీధిలో పారేసింది.

షిఫ్రా పిల్లాణ్ణి చంకనేసుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

కింది వాటాలో పండక్కని దిగిన ముసలావిడ తలుపు తీసింది. పేరు మసూదా అంది. సంగతంతా విని నవ్వింది.

"మేం మొరాకో యూదులం తల్లీ, మాకా పట్టింపుల్లేవు. వీణ్ణి నా దగ్గరికి తీసుకురా."

కొత్త గిన్నె, కొత్త చెంచా, కొత్త పల్లీ ముద్ద కొనుక్కొచ్చింది. చంటాడు మోచేతుల దాకా నాకేవాడు. వాడు నోరు తెరవడానికి ఆవిడ కోతలు కోసేది: మొరాకోలో పల్లీ ఒంటెంత ఉంటుందట, వాళ్ళ మేనమామ దానిమీదెక్కే పెళ్ళికెళ్ళాడట.

ఫ్రాదెలమ్మ మాత్రం ఆ గుమ్మం దాటేటప్పుడు బురదలో నడుస్తున్నట్టు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకునేది.

"పండగ బాగా జరిగిందా వదినా?" అని ముసలావిడ పలకరిస్తే మొహం తిప్పుకునేది.

పండగ వెళ్ళింది. చంటాడికి ఒక్క దద్దురూ లేవలేదు, డాక్టరమ్మ వాడి బుగ్గ గిల్లి పంపింది.

షిఫ్రా తేనె కేకు చేసుకుని, ఆవిడ కాళ్ళమీద పిల్లాణ్ణి పెడదామని కిందికి దిగింది.

వాటా ఖాళీ. దాన్ని అద్దెకిచ్చే ఇంటాయన నేల కడుగుతున్నాడు.

తెల్లారే యెరూషలేముకి వెళ్ళిపోయిందన్నాడు. "చంటిపిల్లల వైద్యానికి పల్లీ పెట్టొచ్చని ఆవిడ ఒక్క మాటంటే మీ అత్తగారు నోరెత్తేది కాదమ్మా, పండగపూట పెద్దావిణ్ణి కోడలి ముందు చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకుందట."

"ఎవరు, ఆ మొరాకో ఆవిడేనా?"

"మొరాకో ఏమిటమ్మా, మీ తెగ మతగురువు పెద్ద రబ్బీగారి భార్య ఆవిడ, పుట్టి బుద్ధెరిగాక పస్కాకి పల్లీ ముట్టుకోవడం ఇదే మొదలట."