మాసయ్య లైను

"బాబూ, బొమ్మ ఆగిపోయింది! డాక్టరమ్మ మాట గూడ వస్తలేదు!" లింగాల దవాఖాన నుంచి నర్సు రేణుకమ్మ ఫోను. "ఒకాయనకు పాము కరిచింది. నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ వీడియోల కాలు చూసి చెప్తేనే సూది ఎయ్యాలె. జర జల్ది చూడు!"

ఊరికి ఇంటర్నెట్ ఇచ్చే ఉదయ్ కిరణ్ గబగబా కంప్యూటర్ ముందుకు జరిగాడు. నెట్టు వచ్చే దారులు రెండే. ఒకటి అచ్చంపేట కేబుల్. మ్యాచ్ రోజు కదా, దవాఖానతో సహా ఊరు ఊరంతా దాని మీదే పడింది. రెండోది టవరు లైను. సన్నది, ఒక్కరికే సరిపోతుంది గానీ ఆగదు. ఎవరు ఏ దారిన పోవాలో కంప్యూటర్లో రూల్ రాసేది అతనే. టవరు లైనును మాత్రం మాసయ్య ఒక్కడి ఇంటికే రాసిపెట్టాడు.

ఏం చేస్తాడు మరి! కేబుల్ స్తంభాలన్నీ మాసయ్య చేని గట్టు మీదే ఉన్నాయి. పొద్దున చేనుకు పోతూ కూడా బెదిరించి పోయాడు. "మ్యాచ్ ఆగిందనుకో, స్తంభాలు పీకేస్త." అన్నంత పనీ చేసే రకం. స్తంభాలు పోతే ఉదయ్ కిరణ్ దుకాణం మూసుకోవలసిందే.

"బాబూ, ఉన్నవా?"

"ఉన్ననమ్మా." రూల్ తిరగరాశాడు. దవాఖాన టవరు మీదికి, మాసయ్య ఇల్లు కేబుల్ మీదికి. "ఇప్పుడు చూడు."

"ఆ, వచ్చింది!"

ఫోను పెట్టాడో లేదో మాసయ్య కొడుకు ప్రశాంత్ మోగించాడు. "ఏందన్నా, మ్యాచ్ ఆగింది?"

"జర ఓపిక పట్టు తమ్మీ. మీ లైను దవాఖానకు ఇచ్చిన."

"మాది తీసి ఇస్తవా? ఆగు, మా నాయినకు ఫోన్ చేస్త."

ఇక స్తంభాలు పోయినట్టేనని ఉదయ్ కిరణ్‌కు తెలుసు. అయినా రూల్ జోలికి పోలేదు.

చాలాసేపటికి రేణుకమ్మ మళ్ళీ చేసింది. "సూది పడ్డది బాబూ. గండం గడిచింది."

అతని కళ్ళు చెమర్చాయి. పోతే పోనీ స్తంభాలు అనుకున్నాడు.

"ఆయన నీతోని మాట్లాడతడంట. పండుకోమంటే ఇంటలేడు. ఇగో..."

"అయ్యో, దండాలు గిట్ల ఎందుకమ్మా?" అంటూ సిగ్గుపడిపోయాడు ఉదయ్ కిరణ్.

"ఏందిరో!" అవతలి నుంచి మాసయ్య గొంతు ఉరిమింది. "ఈడ డాక్టరమ్మ బొమ్మ అద్దం లెక్క వస్తుంటే, నా ఇంట్ల మ్యాచ్ ఆపినవంట! ఈ కాలు కింద పెట్టనియ్యి, ముందుగాల నీ స్తంభాలే పీకుత!"