ఓడదొంగల అమ్మవారు

“దీన్ని యాడ ఎత్తుకొచ్చినావు?” అన్నాడు దేవరాజు, గోనెసంచిలోంచి బయటపడిన అమ్మవారిని చూసి.

సుందరరాజుకు ఒళ్లు మండింది. నంద్యాల హైస్కూల్లో చరిత్ర చెప్పే పంతులును పట్టుకుని అడిగే మాటేనా ఇది? మూరెడు రాతి విగ్రహాన్ని బస్సెక్కించి, కండక్టరుతో తగువుపడి, ఆళ్లగడ్డలో దిగి, ఎండలో ఈ శిల్పి ఇల్లు వెతుక్కుంటూ వచ్చినందుకు బాగానే ఉంది మర్యాద.

“ఎత్తుకురాలేదన్నా. మా అత్తగారిది చీరాల పక్క. ఆడ సముద్రంలో బెస్తోళ్ల వలకు తగిలింది. అడిగి తెచ్చుకున్నా.”

“అడిగితే అమ్మవార్ని ఇచ్చేసినారా?”

“దొంగల సొత్తని భయపడి ఇచ్చినారు.”

సుందరరాజు కథంతా చెప్పాడు. మూడు వందల ఏళ్ల కిందట ఓడదొంగలు ఆ తీరంలోని గుళ్లు దోచి, ఒక అమ్మవారిని కూడా ఓడలో వేసుకుపోయారట. కోసెడు దూరం పోకముందే అమ్మవారు ఆ ఓడను ముంచేసిందట. ఇప్పటికీ ఆ చోట వల వేయాలంటే బెస్తవాళ్లు జంకుతారు. రెండేళ్లు తిరిగి, అతను ఆ ఓడ మీద పెద్ద వ్యాసం రాశాడు. విగ్రహం నిజంగా అంత పాతదేనని రాయి తెలిసిన శిల్పితో రాయించుకొస్తే అచ్చు వేస్తామన్నారు పత్రికవాళ్లు. లేకపోతే రెండేళ్ల కష్టమూ నీళ్లపాలే.

దేవరాజు విగ్రహాన్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. అంటుకున్న గుల్లల్ని గోటితో గీకాడు. తిరగేసి పీఠం అడుగున తడిమాడు. చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

“ఆడ ఏముందన్నా?”

“ఏం లేదు.”

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది. సుందరరాజు వంగి చూడబోయేసరికి దేవరాజు విగ్రహాన్ని నిలబెట్టేశాడు.

“గుడి దోచి తెచ్చినారంటివే. దీనికి కండ్లు తెరవలే, చూడు. చెక్కినోడే విగ్రహంతో పాటు పోవాల. గుడిలో నిలబెట్టినాక, ఆఖర్న కండ్లు తెరవాల. ఈయమ్మ ఏ గుడీ ఎక్కలే.”

సుందరరాజు విగ్రహం ముఖంలోకి వంగి చూశాడు. “ఉప్పునీళ్లకు అరిగిపోయిండొచ్చు కదా?”

“ముక్కుపుడక అరగలేదే. కండ్లు మాత్రం అరిగినాయా?”

ఇంతలో చెంబుతో మంచినీళ్లు తెచ్చింది ఒక పెద్దావిడ. నుదుటన నిండుగా బొట్టు. దేవరాజు గబగబా విగ్రహం మీద గోనె కప్పాడు. పరాయివాడి ముందు కాదు, ఇంటి మనిషి ముందు! సుందరరాజు దాన్ని కూడా మనసులో పెట్టుకున్నాడు.

“మా వదిన కొండమ్మ,” అన్నాడు దేవరాజు.

“నాయనా, రంగూన్ పక్క పోయొచ్చినోళ్లు ఎవరన్నా తెలుసునా నీకు?” అని అడిగింది కొండమ్మ. “మా ఆయప్ప గుడి పనికని ఆడికి పోయినాడు. శానా ఏండ్లాయ. జాబు లేదు. ఆడ ఇంకోదాన్ని కట్టుకున్నాడంటారు. కట్టుకోనీ. యాడో ఒకచోట బతికుంటే నాకదే చాలు.”

సుందరరాజు తెలియదన్నాడు. అతని బాధంతా వ్యాసం గురించే. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, దేవరాజు గొంతు తగ్గించాడు.

“అయ్యవారూ, నిజం చెప్పు. ఆ చోట ఇంకే ఓడా మునగలేదా?”

సుందరరాజు చరిత్ర పంతులు కాబట్టి ఊరివాళ్ల మాటకు రుజువు అడిగేవాడే కానీ, తనకు నచ్చిన మాటకు అడిగే అలవాటు లేదు.

“ముప్పై ఏండ్ల కిందట గాలివానకు సరుకు ఓడ ఒకటి మునిగిందంటారు. మద్రాసు నుంచి పోతాండెనంట. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“మనుషులు?”

“ఒక్కరూ బతకలేదంట. పేర్లు కూడా ఎవరికీ తెలీదు.”

“ఈ మాట నీ రాతలో ఉందా?”

“లేదు.” సుందరరాజు తల దించుకున్నాడు. దొరికిపోయాననుకున్నాడు. ఇక విగ్రహానికి గోనె చుట్టుకుని వెళ్లిపోవడమే తరువాయి.

దేవరాజు ఇంటి వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల కొండమ్మ చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు.

“కాగితం తీ,” అన్నాడు చివరికి.

‘ఈ విగ్రహము మూడు వందల ఏండ్ల నాటిది. రాయి, పని చూసి చెప్పడమైనది. దేవరాజు, శిల్పి, ఆళ్లగడ్డ’ అని లావుపాటి అక్షరాలతో రాసి ఇచ్చాడు.

సుందరరాజు నమ్మలేకపోయాడు. “మరి కండ్లు?”

“దొంగలు గీకేసింటారు.”

“ఇందాక మీరే అంటిరి...”

“ఇందాక సరిగా చూడలే. విగ్రహం ఈడ పెట్టిపో అయ్యవారూ. నేను చూసుకుంటా.”

అదీ సంగతి. ఏ మోతుబరికో అమ్ముకుందామని కన్ను వేశాడు. సుందరరాజు సంచిని గుండెకు హత్తుకున్నాడు. “కుదరదన్నా. మ్యూజియంకు ఇయ్యాల.”

“అట్లయితే తీసుకపో. మళ్లా ఈ ఊరికి మాత్రం తేవాకు. ఆ సరుకు ఓడ మాట యాడా రాయాకు.”

ఎంత ముదురు మనిషి అనుకుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ, సుందరరాజు బస్సు కోసం పరుగులాంటి నడకతో పోయాడు.

కొండమ్మ చేటతోనే బయటికొచ్చింది. “ఏం విగ్రహం దేవరాజూ అది? నాకు చూపనే లేదే.”

“ఎప్పటిదో వదినా. ఓడదొంగలదంట.”

“ఆ పిల్లోనికి రంగూన్ సంగతి తెలీదనె. తెలిసినోళ్లు ఎవరో ఒకరు దొరక్కపోతారా,” అంటూ ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది.

పీఠం అడుగున తన గుర్తు చెక్కుకుని అన్న రంగూనుకు తీసుకుపోయింది ఆ అమ్మవారినే.